నాగార్జునకొండలో మేము చూసిన గుర్రం

నిజాంపురాలో మాకు తెల్లవారేది సాంచెల చప్పుడుతోనే. ఆ చప్పుడు వల్ల కాదు, అది ఆగినప్పుడే మాకు మెలకువ వస్తుందని ఇంటికి వచ్చిన చుట్టాలతో వేళాకోళంగా అంటూ ఉంటాము. కరెంటు పోయి సాంచెలు ఒక్కసారిగా నిలిచిపోతే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఇట్లాంటి ఊరినుండి వెళ్ళిన వాళ్ళకు నాగార్జునకొండ మీది నిశ్శబ్దం మొదట కొంత ఇబ్బంది కలిగించిందంటే చదువరులు నవ్వరాదు.

పోయిన వేసవిలో దగ్గరి చుట్టాల ఇంట పెండ్లికి నల్లగొండ జిల్లాకు వెళ్ళవలసి వచ్చింది. మేము, మా ఇంటావిడ, పదో తరగతి అమ్మాయి, ఏడో తరగతి అబ్బాయి, మా అమ్మ, వెరసి అయిదుగురము. నూలు కొట్టులో గుమాస్తా ఉద్యోగానికి సెలవు దొరకడం ఎంత కష్టమో ఆ పని చేసేవారికే తెలుసు. అడిగినది పది రోజులు, దొరికినది వారం. పెండ్లి పనులు పోగా రెండు రోజులు మిగిలినవి. ఆ రెండు రోజులు ఎక్కడికి వెళదామన్న చర్చ రైలులోనే మొదలైనది.

సంగతి తెచ్చినది మా అబ్బాయి. ఆ ఏడు బడివాళ్ళు పిల్లలను కాన్హేరి గుహలకు తీసుకుని వెళ్ళారు. వాడు తిరిగి వచ్చి, అంత పెద్ద కొండను తొలిచి ఇళ్ళు చేశారే, మన తెలుగు దేశంలో ఇట్లాంటివి ఉన్నవా లేవా అని అడిగాడు. ఉన్నవన్నాము. ఎక్కడ అన్నాడు. అమరావతి అన్నాము, నాగార్జునకొండ అన్నాము. చూశావా అన్నాడు. అక్కడ మాకు మాట రాలేదు. నలభై అయిదేళ్ళ వయసులో, నల్లగొండ జిల్లావాళ్ళమై ఉండి, నాగార్జునసాగరం ఆనకట్టను రెండుసార్లు చూసి కూడ దాని నీళ్ళ నడుమనున్న కొండకు వెళ్ళలేదని ఒప్పుకోవలసి వచ్చింది.

కాన్హేరికీ మన దేశానికీ సంబంధం లేకపోలేదు. కాన్హేరి శాసనాలలో దానాలిచ్చిన వాళ్ళ పేర్లు చెక్కి ఉన్నవి. వారిలో కల్యాణ్ పట్టణపు వర్తకులు ఉన్నారు. మనం రైలు మారే కల్యాణే. అదే కొండమీద శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుగల శాసనం ఉన్నది. ఆ రాజుదే మరొక శాసనం గుంటూరు సీమలో చినగంజాము దగ్గర దొరికింది. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట కల్యాణ్ రేవూ, కృష్ణానది ముఖద్వారమూ ఒకే ఏలుబడిలో ఉన్నవన్నమాట. మన తాతలు పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఈ దారి కొత్తది కాదు.

ఇంకొక ముచ్చట కూడ ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన కులవృత్తికి సంబంధించినది. నాసిక్ గుహలలో క్షాత్రపుని అల్లుడైన ఉషవదాతుడు వేయించిన శాసనమొకటి ఉన్నది. భిక్షువుల ఖర్చుల నిమిత్తం గోవర్ధనంలోని రెండు సాలెవాళ్ళ సంఘాల దగ్గర ఆయన మూడువేల కార్షాపణాలు వడ్డీకి ఉంచాడు. ఒక సంఘం దగ్గర 2,000, నెలకు నూటికి ఒకటి చొప్పున. మరొక సంఘం దగ్గర 1,000, నెలకు నూటికి ముప్పావు చొప్పున. అసలు తిరిగి చెల్లించనక్కరలేదు, వడ్డీ మాత్రం ఇస్తూ ఉండాలి. మొదటి మొత్తంపై వచ్చే వడ్డీతో గుహలో వర్షాకాలం గడిపే ఇరవైమంది భిక్షువులకు తలకు పన్నెండు చొప్పున బట్టల ఖర్చు ఇవ్వాలని రాశాడు. గుమాస్తా బుద్ధి ఊరుకోదు గదా, లెక్క కట్టి చూశాము. రెండు వేల మీద నూటికి ఒకటి అంటే నెలకు ఇరవై, ఏడాదికి రెండువందల నలభై. ఇరవైమందికి పన్నెండు చొప్పున కూడ రెండువందల నలభై. పైసా తేడా లేదు. సాలెవాళ్ళను నమ్మి ఒక దొర ఎన్నటికీ తిరిగి రాని సొమ్ము అప్పగించాడంటే ఆనాటి మనవాళ్ళ పరపతి ఎంతటిదో చూడండి. ఈనాడు మనకు బ్యాంకులో అప్పు పుట్టాలంటే ఇద్దరు జామీనుదార్లు కావాలి.

పెండ్లి అయిన మరునాడు తెల్లవారుజామున బయలుదేరి నాగార్జునసాగర్ చేరాము. మా అమ్మ వస్తుందనుకోలేదు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఎండలు చూస్తే నల్లగొండ ఎండలు. నేనూ వస్త అన్నది. ఆమె వస్తానంటే వద్దనేవారు మా ఇంట్లో లేరు.

మా నాయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన 1972 కరువులో ఊరు విడిచి భివండి వచ్చాడు. అప్పటికి మా పెద్దన్నకు ఆరు నెలలు. మగ్గం మీద నేసిన చీర కొనేవాడు లేడు, బావిలో నీళ్ళు లేవు, షావుకారు అప్పు పెరిగింది. ఒక రాత్రి ఇద్దరు స్నేహితులతో కలిసి ఎవరికీ చెప్పకుండ వెళ్ళిపోయాడు. చెబితే కాళ్ళకు అడ్డం పడతారని భయం. మూడేళ్ళకు ఇక్కడ గది కుదిరాక అమ్మనూ అన్ననూ తెచ్చుకున్నాడు. ఈ కథ మా ఇంట్లో పండుగలకు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా చివర, "మీ అత్తది మొద్దునిద్ర, పక్కలోంచి మనిషి లేచిపోయినా తెలియలేదు" అని నవ్వించేవాడు. అమ్మ కూడ నవ్వేది. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నామో తరువాత తెలుస్తుంది.

లాంచీలో సుమారు గంట ప్రయాణం. చుట్టూ నీళ్ళు, దూరాన నల్లమల కొండలు. ఈ నీళ్ళ అడుగున ఒక రాజధాని ఉన్నదంటే పిల్లలు నమ్మలేదు. అది విజయపురి. శాతవాహనుల తరువాత మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు సుమారు నూరేళ్ళు అక్కడినుండి ఏలారు. తరువాత అడవి కమ్ముకుని అంతా మరుగున పడింది. 1926లో పురాతత్వ శాఖవారి దృష్టిలో పడింది. ఆ మరుసటి ఏడునుండి లాంగ్‌హర్స్ట్ దొర కొన్నేళ్ళు తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. లోయ మునుగుతుందని తేలినందున 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన హుటాహుటిన తవ్వకాలు సాగినవి. దొరికిన శిల్పాలను కొండమీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి కొండమీద తిరిగి కట్టారు, మరికొన్నింటిని నది ఒడ్డున అనుపులో నిలిపారు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళ కోసం మా నాయన తరం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిందని చెప్పాలి. మా ఊరికి మాత్రం ఆ నీళ్ళు రాలేదు. వచ్చి ఉంటే మేము భివండిలో ఉండేవాళ్ళము కాము కాబోలు.

కొండమీద దిగగానే ఎడమకు పోవాలా కుడికి పోవాలా అని తోచలేదు. అందరూ పోయేవైపు పోయాము. మ్యూజియం బౌద్ధ విహారం పద్ధతిలో కట్టిన భవనం. శుక్రవారం సెలవు, వెళ్ళేవారు గుర్తుంచుకోవాలి.

లోపల చల్లగా ఉన్నది. మొదట మా కంటబడినది రాయి. నల్లగొండ గ్రానైటు కాదు, కాన్హేరి నల్లరాయి కాదు. కొంచెం ఆకుపచ్చ చాయ కలిగిన తెల్లరాయి, పల్నాటి సున్నపురాయి. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. అందుకే ఇంత సన్నని పని సాధ్యమైనది. ఈ మంచి గుణమే దానికి చేటు కూడ తెచ్చింది. అమరావతిలో 1797లో మెకంజీ దొర వెళ్ళి చూసేనాటికి స్తూపం రాళ్ళను ఊడదీస్తున్నారు. శిల్పం చెక్కిన పలకలు ఎన్నో సున్నపు బట్టీలలో కాలిపోయినవి. బుద్ధుని కథలు మన ఇళ్ళ గోడలకు వెల్ల అయినవి. మిగిలిన వాటిలో చాలా భాగం చెన్నపట్నం మ్యూజియంలోనూ, లండను బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నవి.

చెన్నపట్నంలో ఉన్న ఒక గుండ్రటి పలక బొమ్మను పుస్తకాలలో చాలామంది చూసే ఉంటారు. నాలగిరి అనే మదపుటేనుగు కథ అది. ఎడమవైపు ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ, తొండంతో మనిషిని పట్టి విసరుతూ ఉంటుంది. మేడ కిటికీలలోంచి ఆడవాళ్ళు భయంతో చూస్తుంటారు. అదే పలకలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే వీధి, ఒకే ఏనుగు, రెండు క్షణాలు. నడుమ గీత లేదు. సినిమా పుట్టక ముందే మన శిల్పులు సినిమా తీశారనిపిస్తుంది. ఇది ఎరిగి ఉండటంచేత నాగార్జునకొండలో కథలు చదవడం సులభమే అనుకున్నాము. అనుకున్నట్టు కాలేదు.

ఇక్కడి పొడుగుపాటి పలకలలో కథ గదులు గదులుగా ఉంటుంది. ఒక ఘట్టానికీ మరొక ఘట్టానికీ నడుమ చిన్న స్తంభాలు. ఆ స్తంభాల సందులో ఒక స్త్రీ పురుషుల జంట. వీళ్ళకు కథతో సంబంధం లేదు. మన చీరలో బుటాకూ బుటాకూ నడుమ వేసే తీగ లాంటివారు. మొదట మేము వారిని కూడ కథలో కలిపి చదవబోయి తికమకపడ్డాము. ఎడమనుండి మొదలుపెట్టి ఒక పలక చూసుకుంటూ పోతే, ముందు ముగింపు వచ్చి తరువాత పుట్టుక వచ్చినట్టు ఉన్నది. తల గోక్కుంటూ ఉండగా మా అబ్బాయి, "బాపూ, ఇది మన గల్లీల ఉర్దూ బోర్డు లెక్క ఉంది. ఇటునుంచి చదవాలె" అని కుడి చివరకు పోయి నిలుచున్నాడు.

వాడి మాట నిజమే. కుడినుండి చూస్తే కథ సాఫీగా నడిచింది. తరువాత ఆలోచిస్తే కారణం కూడ తట్టింది. స్తూపానికి ప్రదక్షిణం చేసేవాడు దాన్ని తన కుడిచేతివైపు ఉంచుకుని నడుస్తాడు. నడుస్తూ స్తూపం వైపు ముఖం తిప్పితే, తాను పోయే దిక్కు తనకు ఎడమవైపు అవుతుంది. కాబట్టి అతనికి మొదట కనబడేది కుడివైపు బొమ్మ, తరువాత దాని ఎడమది. చదువు రానివాడికైనా కాళ్ళు నడిచిన వరుసలో కథ అందుతుంది. ఇక్కడి పలకలు అన్నీ ఇట్లాగే ఉండవు, ఎడమనుండి నడిచేవీ ఉన్నవి. కాని ఈ కీలకం తెలిశాక మాకు సగం చిక్కు వీడింది. నిజాంపురా గల్లీలో పెరగడం వల్ల ఎప్పుడో ఒకప్పుడు ఉపయోగం ఉంటుందని మేము ఇంతవరకు అనుకోలేదు.

శిబి చక్రవర్తి కథ ఇక్కడి శిల్పాలలో ఉన్నది. పావురాన్ని కాపాడటానికి రాజు తన ఒంటి మాంసం కోసి తూకం వేయిస్తాడు. ఆ తక్కెడ దగ్గర మేము చాలాసేపు నిలుచుండిపోయాము. రోజూ నూలు తూచే చోట పనిచేసేవాళ్ళము గదా. మా ఇంటావిడ మాత్రం బట్టలు చూస్తున్నది. నడుములకు చుట్టిన పటకాలు, వాటి ముడులు, కుచ్చెళ్ళు, మగవాళ్ళ తలపాగాలు: ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. ఒంటికి అంటుకుపోయినంత సన్నని బట్ట. ఎంత నంబరు నూలు పెడితే ఇట్లా వస్తుందో అని అడిగింది. మా కొట్టులో ఉన్న నంబర్లేవీ చాలవన్నాము. వీరందరి నడుమ ఒక స్తంభం మీద పొడుగు కోటు, లాగు తొడిగిన విదేశీ సైనికుడు ఉన్నాడు. అందరూ బట్ట చుట్టుకున్నవాళ్ళయితే వాడొక్కడే కుట్టించుకున్నవాడు.

అక్కడినుండి మహాభినిష్క్రమణ ఘట్టానికి వచ్చాము. సిద్ధార్థుడు అర్ధరాత్రి ఇల్లు విడిచి వెళ్ళడం ఆంధ్ర శిల్పులకు చాల ఇష్టమైన ఘట్టం. అమరావతిలో, ఇక్కడ మళ్ళీ మళ్ళీ చెక్కారు. రాజకుమారుడు కంథకమనే గుర్రం మీద ఉంటాడు. ఛందకుడు వెంట ఉంటాడు. గిట్టల చప్పుడుకు ఊరు మేల్కొంటుందని పొట్టి యక్షులు గుర్రం కాళ్ళను అరచేతులలో పట్టి మోస్తారు. చుట్టూ దేవతలు చేతులు జోడిస్తారు. దీనికి ముందరి ఘట్టంలో అంతఃపురం ఉంటుంది. ఆడిపాడి అలసిన స్త్రీలు వాద్యాల మీద వాలి, ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతుంటారు.

ఇంకా పాత శిల్పాలలో ఈ గుర్రం మీద మనిషి ఉండడు. బుద్ధుని రూపం చెక్కే ఆచారం అప్పటికి రాలేదు. ఉత్త గుర్రం, దానిపైన గొడుగు. గొడుగు ఉన్నచోట ఆయన ఉన్నట్టు. ఈ సంగతి పిల్లలకు చెబుతూ ఉండగా మా అమ్మ దగ్గరకు వచ్చింది. అంతవరకు ఆమె తలుపు దగ్గర బల్లమీద కూర్చుని ఉన్నది. చెప్పినదంతా విన్నది. కళ్ళద్దాలు తుడుచుకుని బొమ్మ దగ్గరకు వంగింది.

"గీ ఆడోళ్ళంత పండుకున్నరా బిడ్డా?" అని అడిగింది.

అవునమ్మా, దేవతలే నిద్రపుచ్చారని కథలో ఉన్నదని చెప్పాము.

"దేవతలు పండవెడితె పండుకున్నరేమొ. నేనైతే పండుకోలే."

ఏమిటి అంటున్నదో మాకు వెంటనే అర్థం కాలేదు.

"మీ నాయన గడప దాటేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకున్నడు. సప్పుడైతదని. నేను సూసిన."

యాభై ఏళ్ళకు పైగా ఆమె ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆయన బ్రతికి ఉండగా పండుగ పండుగకూ మొద్దునిద్ర అని నవ్వించినప్పుడు తాను కూడ నవ్వింది. మరి పిలవలేదేమమ్మా అని అడిగాము.

"పిలిస్తె ఆగుతడు. ఆగితె ఏం తింటం?" అన్నది. తరువాత మా అమ్మాయి చేయి పట్టుకుని ముందుకు నడిచింది. మా ఇంటావిడ మా ముఖం వైపు చూడకుండ పక్క పలక దగ్గరకు పోయింది.

మేము కొంతసేపు అక్కడే ఉన్నాము. చేసేది లేక గోడమీది వివరాలు చదివాము. ఇక్ష్వాకు రాజులలో మొదటివాడైన చాంతమూలుడు వైదికుడు, అశ్వమేధం చేసినవాడు. కాని బౌద్ధ కట్టడాలకు సొమ్ము పెట్టినవారిలో ముఖ్యులు ఆయన ఇంటి ఆడవాళ్ళే. ఆయన చెల్లెలు చాంతిసిరి మహాచైత్యాన్ని తిరిగి కట్టించి స్తంభాలు నిలిపింది. అది ఆమె మేనల్లుడూ అల్లుడూ అయిన వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరం. ఆ మహాచైత్యం అడ్డుకొలత 106 అడుగులు. రాణులు, సామంతుల భార్యలు మరెందరో స్తంభాలు వేయించారు. రాజకుటుంబానికి చెందని బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. అశ్వమేధం గుర్రానికి రాజు ఖర్చు పెట్టాడు. ఇల్లు విడిచిపోయేవాడి గుర్రం మాత్రం ఆడవాళ్ళ సొమ్ముతో నిలిచిన స్తూపాల చుట్టూ తిరిగింది. వారిలో ఎవరి మగడు ఎక్కడికి పోయాడో శాసనం చెప్పదు.

ఆ బోధిసిరి శాసనంలో మనకు పనికివచ్చే మాట మరొకటి ఉన్నది. సింహళ భిక్షువులు ధర్మం బోధించిన దేశాల పేర్లు అందులో వరుసగా ఉన్నవి: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి మొదలైనవి. వాటి నడుమ అపరాంతం ఉన్నది. అపరాంతమంటే కొంకణ తీరం, అనగా సోపారా, కల్యాణ్, మన భివండి ఉన్న నేల. సోపారాలో 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీగారు స్తూపం తవ్వి ధాతువుల కరండం బయటికి తీశారు. భివండి తాలూకాలోనే లోనాడ్ ఊరి దగ్గర కొండలో బౌద్ధ గుహ ఉన్నది. ఆదివారం పూట పోయిరావచ్చు. నీళ్ళలో మునిగిన నల్లగొండ సరిహద్దు లోయలో ఒక ఆడమనిషి చెక్కించిన రాతిమీద మా ప్రస్తుత విలాసం కనబడినందుకు మేము మురిసిపోయాము. అమ్మకు చదివి వినిపించాము. ఔనా అన్నది. ఆమెకు ఆకలిగా ఉన్నది.

పులిహోర, పెరుగన్నం చెట్టుకింద తిన్నాము. మహాచైత్యం చూసి, అశ్వమేధం జరిగిందనే మెట్ల కొలను చూసి, ఆఖరు లాంచీకి దిగివచ్చాము. ఒడ్డున బుద్ధవనం అని 2022లో తెరిచిన పెద్ద తోట ఉన్నది. జాతక కథల శిల్పాలు కొత్తగా చెక్కించి పెట్టారు. పిల్లలకు బాగుంటుంది. మాకు పొద్దు చాలలేదు.

తిరుగు ప్రయాణంలో రైలులో అమ్మ ఒక్క ప్రశ్న వేసింది. "మరి గుర్రం ఏమైందిరా?" అని. రాజకుమారుడు నగలు, తలపాగా తీసి ఛందకునికి ఇచ్చి పంపించాడనీ, ఛందకుడు గుర్రాన్ని తీసుకుని ఒంటరిగా ఊరికి తిరిగి వచ్చాడనీ చెప్పాము. అది గూడ చెక్కిండ్రా అన్నది. మేము చూసిన పలకలలో అది మా కంటబడలేదు.

నిజాంపురా చేరాక ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆదివారం గ్రంథాలయానికి పోయి సాంచి శిల్పాల పుస్తకం ఒకటి తెచ్చాము. సాంచి మన దేశం కాకపోయినా అక్కడ శాతవాహనుల చేయి ఉన్నది. దక్షిణ తోరణం మీది పై దూలం శాతకర్ణి మహారాజు శిల్పులకు మేస్త్రీ అయిన ఆనందుని దానమని శాసనం ఉంది. కావలసిన బొమ్మ తూర్పు తోరణం నడిమి దూలం మీద దొరికింది. ఎడమన పట్టణం. పట్టణద్వారం నుండి గుర్రం బయటికి వస్తుంది. అదే గుర్రం మళ్ళీ, మళ్ళీ, నాలుగుసార్లు, గొడుగు కిందనే ముందుకు నడుస్తుంది. మనిషి కనబడడు. కుడి కొసన రెండు పాదముద్రలు, వాటిమీద గొడుగు. అక్కడ ఛందకుడు మోకరిల్లి ఉన్నాడు. ఆ కిందనే గుర్రం వెనక్కు మళ్ళి ఇంటిదారి పట్టింది.

పుస్తకం అమ్మ ఒడిలో పెట్టి వివరం చెప్పబోయాము. చెప్పనక్కరలేకపోయింది. వేలు గుర్రంనుండి గుర్రానికి పోనిచ్చి, తిరిగి వచ్చే గుర్రం దగ్గర ఆపి, "ఇగో, దీనిమీద గొడుగు లేదు" అన్నది. ఆయన దిగిపోయాడు గదా అన్నాము. "ఊఁ. వాళ్ళకు గుర్రం వచ్చింది. మనకు మూడు నెలలకు మనియార్డరు వచ్చె" అన్నది. ఎంత వచ్చిందమ్మా అని అడిగితే, ముప్పై రూపాయలని, అందులో పది షావుకారు పట్టుకుపోయాడని చెప్పి, ఆ షావుకారు వంశాన్ని కొంతసేపు తిట్టింది.

పుస్తకం పదిహేను దినాలలో తిరిగి ఇవ్వాలి. గడువు దాటి నెలయింది. రోజుకు ఇంత అని జరిమానా పడుతున్నది. ఇవ్వబోతే అమ్మ ఇంకో రెండు రోజులుండనీయమంటుంది. ఆ పేజీలో నిన్న చూస్తే గుర్తుకు ఎర్రనూలు పోగు పెట్టి ఉన్నది.